పక్షవాతం తర్వాత చేతికి ఏ వ్యాయామం? ముందు కళ్లు మూయించి చూడండి

హన్మకొండ, కాజీపేట, వరంగల్ వాడల్లో ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయిస్తుంటాను. కొత్త ఇంట్లో అడుగు పెట్టగానే ఎదురయ్యే ప్రశ్న ఇంచుమించు ఒకటే. "మేడం, అద్దం పెట్టి చేయిస్తరట కదా, అది మంచిదా? మంచి చెయ్యి కట్టేసి చేయించేది మంచిదా? హైదరాబాద్‌ల మిషన్ ఉందట, ఆడికి తీస్కపోవాల్నా?" యూట్యూబ్‌లో చూసింది, పక్కింటివాళ్లు చెప్పింది, బంధువులు వాట్సాప్‌లో పంపింది అన్నీ కలిపి అడుగుతారు. ఏది మంచిది అంటే నేను చెప్పలేను. ఏ చేతికి ఏది అంటే చెప్పగలను. అది చెప్పాలంటే ముందు ఆ మనిషి కన్ను, చెయ్యి ఒకదానికొకటి ఎలా పనిచేస్తున్నాయో చూడాలి. చాలా ఇళ్లలో ఈ ఒక్కటి తప్ప మిగతావన్నీ చూసేసి ఉంటారు.

కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక పెద్దాయన ఉండేవాడు. స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మూడు నెలలకు పిడికిలి బిగిసింది, చెయ్యి భుజం దాకా లేచింది. డాక్టర్ దగ్గర అందరూ బాగుందన్నారు. ఇంట్లో మాత్రం చాయ్ గ్లాసు రోజూ కిందపడేది. "బాపుకు ధ్యాస ఉండదు మేడం" అని కొడుకు విసుక్కున్నాడు. నేను పక్కన కూచుని చూశాను. గ్లాసు వైపు చూస్తున్నంత సేపూ ఆయన పట్టు బాగానే ఉంది. వాకిట్లో ఎవరో పిలిచారు, తల తిప్పాడు, గ్లాసు వేళ్లలోంచి మెల్లగా జారింది. పడినట్టు చప్పుడైతే గానీ ఆయనకు తెలియలేదు. "చూసినంత సేపు చెయ్యి నాదే బిడ్డా. చూపు తిప్పిన్ననుకో, అది ఎటు పోతదో నాకే తెల్వది" అన్నాడు. మగ్గం మీద పంజా (పోగులను దగ్గరకు కొట్టే దువ్వెన లాంటి పనిముట్టు) పట్టి నలభై ఏళ్లు పోగు కొట్టిన చెయ్యి అది. ఆ పని ఆయన ఏనాడూ చేతి వైపు చూస్తూ చేయలేదు.

చేతికి సమాచారం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి కన్ను. రెండోది చర్మం, కీళ్లు, కండరాల నుంచి లోలోపల మెదడుకు చేరే కబురు: చెయ్యి ఎక్కడుంది, వేళ్లు ఎంత ముడిచాయి, పట్టుకున్నది జారుతోందా అన్నది. గ్లాసు అందుకోబోతే చూపు ముందు వెళ్లి దాని మీద వాలుతుంది. చెయ్యి వెనకాల వెళ్తుంది. ఆ కదలికకు పట్టే సమయంలో దాదాపు మూడింట రెండు వంతులు గడిచేసరికి వేళ్లు పూర్తిగా తెరుచుకుని, అక్కడి నుంచి మూసుకోవడం మొదలుపెడతాయి. ఇదంతా కన్ను చూసి చెప్పే లెక్కే. పట్టుకున్నాక మాత్రం కన్ను తప్పుకుంటుంది, స్పర్శ అందుకుంటుంది. అందుకే మనం టీవీ చూస్తూ చాయ్ తాగగలం. స్ట్రోక్‌లో బలం మిగిలి, ఈ లోపలి కబురు ఒక్కటే తెగిపోయిన వాళ్లు చాలామందే ఉంటారు. అప్పుడు రెండో పని కూడా కన్నే మోయాలి.

మోస్తుంది, కానీ నెమ్మదిగా. కన్ను చూసి, తప్పు పట్టి, చేతిని దిద్దేసరికి సెకనులో పదో వంతో అంతకంటే ఎక్కువో గడిచిపోతుంది. రాబర్ట్ వుడ్‌వర్త్ అనే అమెరికన్ మానసిక శాస్త్రవేత్త 1899లోనే దీన్ని చూపించాడు. జనం చేత కళ్లు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి గీతలు గీయించాడు. నెమ్మదిగా గీసినప్పుడు కళ్లు తెరిచిన వాళ్ల గీత గురిగా వచ్చింది. వేగం పెంచితే ఆ తేడా పోయింది. కంటి మీదే ఆధారపడ్డ చెయ్యి తడబడుతూ, ఆగి ఆగి కదలడానికి కారణం ఇదే. అది బద్ధకం కాదని ఇంట్లోవాళ్లకు చెప్పడానికే నాకు ఒక పూట పడుతుంది. దీనికి కొస ఉదాహరణ ఇంగ్లాండ్‌కు చెందిన ఇయాన్ వాటర్‌మన్. ఆయనకు వచ్చింది స్ట్రోక్ కాదు. 1971లో, 19 ఏళ్ల వయసులో వచ్చిన జబ్బుతో మెడ నుంచి కింది భాగమంతటా స్పర్శ, అవయవాలు ఎక్కడున్నాయో తెలిసే జ్ఞానం పోయాయి. బలం పోలేదు. ప్రతి కదలికనూ చూస్తూ చేయడం ఏళ్ల తరబడి నేర్చుకుని మళ్లీ నడిచాడు. కానీ లైటు ఆరిపోతే కూలబడేవాడు.

ఇంట్లోనే చేసే నాలుగు పరీక్షలు

మొదటిది బొటనవేలి పరీక్ష. పెద్దాయనను కూచోబెట్టి కళ్లు మూసుకోమనండి. బలహీనమైన చేతిని మీరు కింది నుంచి ఆనించి పట్టుకుని, గాల్లో ఒకచోట నిలపండి. ఇప్పుడు మంచి చేతితో ఆ చేతి బొటనవేలిని పట్టుకోమనండి. నేరుగా పట్టుకుంటే లోపలి కబురు బాగానే ఉన్నట్టు. కొంచెం తప్పి, తడుముకుని అందుకుంటే సగం ఉన్నట్టు. మోచేతి దగ్గరో గాల్లోనో వెతుక్కుంటుంటే బాగా తెగినట్టు. చోటు మార్చి నాలుగైదుసార్లు చేయండి.

రెండోది, కళ్లు మూసే ఉంచి ఆ చేతిలో తాళంచెవి, రూపాయి బిళ్ల, చింతగింజ ఒక్కొక్కటే పెట్టి ఏమిటో అడగండి. వేళ్లు కదలకపోతే మీరే వస్తువును వేళ్ల మీద దొర్లించండి. మూడోది కదలిక. చేతిని బల్ల అంచు మీద పెడితే మణికట్టు ఏ కాస్తయినా పైకి లేస్తోందా, ముడిచిన వేళ్లు కొంచెమైనా తెరుచుకుంటున్నాయా అని చూడండి. అద్దం పద్ధతికీ, మంచి చెయ్యి కట్టేసే పద్ధతికీ మధ్య తలుపు ఇదొక్కటే.

నాలుగోది కంచం. మెదడు కుడి వైపు స్ట్రోక్ వచ్చినవాళ్లలో కొందరికి ఎడమ వైపు ప్రపంచమే లేనట్టు అవుతుంది. పర్కాల దగ్గర ఒక ఊళ్లో అత్తగారు రోజూ అన్నం సగం వదిలేస్తుంటే కూర నచ్చక అని కోడలు బాధపడేది. కంచాన్ని సగం తిప్పి పెట్టాం. మిగిలిందంతా తినేసింది. కంటి చూపు సగం పోయినా ఇలాగే కనిపిస్తుంది, కానీ తేడా ఉంది. చూపు పోయినవాళ్లకు పోయిందని తెలుస్తుంది, తల తిప్పుకుని చూస్తారు. ధ్యాస పోయినవాళ్లకు పోయిన సంగతే తెలియదు.

వీటన్నిటికీ ముందు చేయాల్సిన పని ఒకటుంది, రాయడానికి సిగ్గేస్తున్నా రాస్తున్నాను. కళ్లజోడు పెట్టారా? స్ట్రోక్ రోజు హడావుడిలో పక్కన పెట్టిన అద్దాలు నెలల తరబడి బీరువాలోనే ఉండటం చూశాను. కంటి వెలుగు క్యాంపులో ఇచ్చిన జోడు ఉంటే తీసి తుడిచి పెట్టండి. శుక్లం ముదిరి ఉంటే ముందు కంటి డాక్టర్‌కు చూపించండి. చేతికి కన్నే ఊతమైనప్పుడు ఆ ఊతం మసకగా ఉంటే ఏ వ్యాయామమూ అక్కరకు రాదు.

అద్దమా, కట్టడమా

అద్దం పద్ధతి ఇదీ. నిలువుగా ఒక అద్దాన్ని రోగి ఛాతీకి ఎదురుగా, రెండు చేతుల మధ్య పెడతారు. అద్దం ముఖం మంచి చేతి వైపు ఉంటుంది. బలహీనమైన చెయ్యి దాని వెనక దాగి ఉంటుంది. మంచి చేతిని కదిలిస్తూ అద్దంలోకి చూస్తే పడిపోయిన చెయ్యే చక్కగా కదులుతున్నట్టు కనిపిస్తుంది. ఆ దృశ్యం దెబ్బతిన్న వైపు మెదడును కదిలిస్తుందని ఆశ. చెయ్యి కోల్పోయినవాళ్లకు, లేని ఆ చేతిలోనే అనిపించే నొప్పికి ఈ ఉపాయాన్ని 1990లలో ముందుకు తెచ్చింది నరాల శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్. స్ట్రోక్ రోగుల మీద తొలి చిన్న అధ్యయనం 1999లో వచ్చింది, తొమ్మిది మందితో. వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి తూచే కోక్రేన్ సంస్థ 2018 నాటి సమీక్ష 62 అధ్యయనాలను, 1,982 మంది రోగులను కలిపి చూసి, చేతి కదలికకూ రోజువారీ పనులకూ అద్దం వ్యాయామం మేలు చేస్తుందని తేల్చింది. మామూలు వ్యాయామానికి తోడుగా చేసినప్పుడు అన్నది మరవొద్దు.

దీని గొప్పతనమల్లా ఒక్కటే: చెయ్యి ఏమాత్రం కదలని మనిషి కూడా మొదలుపెట్టొచ్చు. అందుకే మూడో పరీక్షలో మణికట్టు లేవని వాళ్లకు నేను చెప్పేది ఇదే. రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు, కనీసం నాలుగు వారాలు. ఒకటిన్నర అడుగు వెడల్పు, రెండడుగుల పొడవున్న అద్దం ఏ గ్లాసు షాపులోనైనా కోసిస్తారు. అంచులకు టేపు వేయించండి. మంచి చేతికి గాజులు, ఉంగరం, గడియారం తీసేయండి, లేకపోతే అద్దంలో కనిపించేది తన రెండో చెయ్యి అని మనసు ఒప్పుకోదు. మన పెద్దమ్మల చేతుల మీద పచ్చబొట్లు ఉంటాయి. ఒకే చేతికి ఉంటే పొడుగు చేతుల జాకెట్టు తొడగండి. ఇది ఏ వీడియోలోనూ చెప్పరు. మొదటి రోజుల్లో కొందరికి తల తిరిగినట్టవుతుంది, అప్పుడు ఆపి మర్నాడు చేయించండి.

అద్దం ఎవరికి వద్దంటాను? కొత్తవాడ పెద్దాయనకు. కదలిక ఉంది, కన్ను కూడా శక్తికి మించి పనిచేస్తోంది. ఇప్పటికే కంటి మీద బతుకుతున్న చేతికి మళ్లీ కంటితోనే వ్యాయామం ఎందుకు?

రెండోది కట్టేసే పద్ధతి, అంటే మంచి చెయ్యి వాడకుండా దానికి గ్లౌజు తొడిగి బలహీనమైన చేత్తోనే పనులు చేయించడం. దీని వెనకున్నది ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త. పడిపోయిన చేతిని వాడకపోవడం మెదడుకు అలవాటైపోతుందని, ఆ అలవాటును విరగ్గొట్టాలని ఆయన వాదన. 2006లో అమెరికాలో వెలువడిన పెద్ద పరీక్షలో స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మంది పాల్గొన్నారు. చికిత్స పొందినవాళ్లు రెండు వారాల పాటు, మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం గ్లౌజుతోనే ఉండాలి. పైగా రోజూ గంటల కొద్దీ సాధన. మామూలు వైద్యం తీసుకున్నవాళ్ల కంటే వీళ్ల చెయ్యి మెరుగైంది, ఆ లాభం ఏడాది తర్వాత కూడా నిలిచింది. పద్ధతుల్లో నాకు ఎక్కువ నమ్మకం దీని మీదే.

కానీ షరతు గట్టిది. మణికట్టు, వేళ్లు కొంతయినా పైకి తెరుచుకోవాలి, సుమారు పది డిగ్రీలు. లేని చేతికి ఇది చేయిస్తే అది వైద్యం కాదు, శిక్ష. రోగి రెండో రోజే ఏడుస్తాడు, మూడో రోజు గ్లౌజు విసిరేస్తాడు. ఇంట్లో రెండు వారాలు పూర్తిగా జరగడం కూడా కష్టమే. రోజుకు రెండు మూడు గంటలతో, ఎక్కువ వారాలకు పరిచి నేను చేయిస్తాను. మెట్ల దగ్గర, బావి గట్టున, పొయ్యి ముందు గ్లౌజు తీసేయాలి.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. తినేది కుడి చేత్తో, కడుక్కునేది ఎడమ చేత్తో. కుడి చెయ్యి పడిపోతే దావత్‌లో ఎడమ చేత్తో తినలేక పెళ్లిళ్లకు పోవడమే మానేసినవాళ్లున్నారు. ఎడమ చెయ్యి పడిపోతే బాత్రూంలో ఇబ్బంది, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. గ్లౌజు వేసే ముందు ఆ సంగతి మీరే నెమ్మదిగా అడిగి తేల్చుకోండి. అవసరమైతే ఆ వేళలకు మినహాయింపు ఇవ్వండి. పరువు పోయిందనుకున్న మనిషి వ్యాయామం చేయడు.

కళ్లు మూసి చేసేది

బొటనవేలి పరీక్షలో తప్పి, కదలిక మాత్రం ఉన్నవాళ్లకు ఇది. అందరూ వదిలేసేది కూడా ఇదే, ఎందుకంటే వీడియోలో చూపించడానికి ఏమీ ఉండదు. స్పర్శను తిరిగి నేర్పడమన్నమాట. ఆస్ట్రేలియాలో లీయాన్ కేరీ బృందం దీని మీద ఏళ్ల తరబడి పనిచేసి ఒక క్రమం తయారుచేసింది. దాని సారం మూడు అడుగులు: కళ్లు మూసి తాకి చెప్పు, కళ్లు తెరిచి సరిచూసుకో, అదే వస్తువును మంచి చేత్తో తాకి పోల్చుకో. తర్వాత మళ్లీ కళ్లు మూసి తాకు. అంటే కన్నును పూర్తిగా తీసేయడం లేదు, దాన్ని గురువుగా కూచోబెడుతున్నాం. చెయ్యి సమాధానం చెప్పాకే గురువు నోరు విప్పాలి.

వస్తువులు ఇంట్లోవే చాలు. పెద్ద తేడాలతో మొదలుపెట్టండి: గోనె ముక్క, పట్టు గుడ్డ. తర్వాత తువ్వాలు, లుంగీ. తర్వాత ఐదు రూపాయల బిళ్ల, పది రూపాయల బిళ్ల. గిన్నెడు బియ్యంలో చింతగింజలు దాచి వెతికించొచ్చు. గ్లాసు పట్టడానికి ఇలా చేయిస్తాను. ఖాళీ స్టీలు గ్లాసు చూస్తూ పట్టుకోవాలి, రెండు సెకన్లు చూపు పక్కకు తిప్పాలి, మళ్లీ చూడాలి. జారకపోతే మర్నాడు నాలుగు సెకన్లు. వారాలు గడిచాక నీళ్లు, ఆ తర్వాతే చాయ్. స్పర్శ లేని చేతికి వేడి తెలియదు, స్నానం నీళ్లు మంచి చేత్తోనే చూసుకోవాలి.

చేతిపనుల్లో పల్లికాయలు ఒలవడం, గోకరకాయ తుంచడం బాగుంటాయి, సగం చూస్తూ, సగం చూడకుండా. బతుకమ్మ రోజుల్లో గునుగు, తంగేడు పేర్చడం ఇంకా బాగుంటుంది, ఒక చెయ్యి పట్టాలి, ఇంకోటి సర్దాలి. మిర్చి తొడిమలు మాత్రం తీయించకండి. ఘాటు తెలియని చేతిని కంట్లో పెట్టుకుంటారు.

తెరలు, మిషన్లు

వీడియో గేముల గురించి క్లుప్తంగా చెప్తాను. 2016లో వెలువడిన ఒక పరీక్షలో 141 మంది స్ట్రోక్ రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు వీ (Wii, చేతిలో రిమోట్ పట్టుకుని టీవీ ముందు ఆడేది) గేమింగ్, ఇంకో జట్టుకు పేకముక్కలు, బింగో, జెంగా లాంటి మామూలు ఆటలు ఇచ్చారు. రెండు జట్లూ మెరుగయ్యాయి, గేమింగ్ జట్టు ఎక్కువేమీ సాధించలేదు. కాబట్టి ఇంట్లో పచ్చీసు, వామనగుంటలు ఉంటే డబ్బు పెట్టి తెర కొనే అవసరం లేదు. పైగా తెర ముందు చెయ్యి గాలిలో ఊగుతుంది. గుంటలోంచి గింజలు ఏరాలంటే వేళ్లు మూసుకోవాలి, బరువు తెలియాలి. రోగి కుర్రవాడై, మామూలు వ్యాయామం అంటే ముఖం తిప్పుకుంటే అప్పుడు తెర పనికొస్తుంది.

రోబో మిషన్ల మీద బ్రిటన్‌లో 770 మందితో చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2019లో వచ్చింది. మామూలు వైద్యంతో పోలిస్తే చేతి పనితనంలో అదనపు మేలు కనబడలేదు. హన్మకొండ నుంచి హైదరాబాద్‌కు రానూపోనూ దాదాపు మూడు వందల కిలోమీటర్లు. స్ట్రోక్ రోగిని వారానికి మూడుసార్లు అంత దూరం తిప్పే ఖర్చు, అలసట లెక్కవేస్తే నేనైతే వద్దంటాను. ఆ డబ్బుతో దగ్గర్లో రోజూ వచ్చే థెరపిస్టును పెట్టుకోండి.

ఫోన్ మాత్రం ఒక పనికి బాగుంటుంది. కొడుకో కూతురో తన భుజం వైపు నుంచి, తన కళ్లకు కనిపించినట్టే, గ్లాసు అందుకోవడం, గుండీ పెట్టుకోవడం వీడియో తీయాలి. రోగి దాన్ని శ్రద్ధగా చూసి, వెంటనే తానూ ప్రయత్నించాలి. చూసి చేసే ఈ పద్ధతికి కూడా అధ్యయనాల బలం ఉంది. అద్దం ముందు కూచోలేని వాళ్లకు ఇది సులువు.

కంచంలో సగం వదిలేసేవాళ్లకు

వీళ్లకు చేతి వ్యాయామం రెండోది, చూపును ఎడమ వైపు తెప్పించడం మొదటిది. కంచానికి, తలుపుకు, పుస్తకానికి ఎడమ అంచున ఎర్ర గుడ్డ పీలిక కట్టండి. "ఎర్రది కనబడేదాక తల తిప్పు" అన్నదే సూచన. మాట్లాడేవాళ్లు ఎడమ పక్కన కూచోవాలి. మొదట్లో పలకరింపుకు జవాబు రాకపోతే ఎదురుగా వచ్చి, అక్కడి నుంచి ఎడమకు జరగండి.

అద్దం వీళ్లకు పనికిరాదని చాలామంది అనుకుంటారు. లూధియానా క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో జయరాజ్ పాండియన్ బృందం ఇలాంటి 48 మంది మీద చేసిన పరీక్ష 2014లో వెలువడింది. రోజుకు గంట నుంచి రెండు గంటలు, నాలుగు వారాలు అద్దం చేసినవాళ్లలో ఎడమ వైపు ధ్యాస బాగా పెరిగింది. చూపును పది డిగ్రీలు కుడికి జరిపే ప్రిజం కళ్లద్దాలు ఇంకో దారి. వాటిని పెట్టుకుని ఎదుటి గుర్తులను వేలితో చూపిస్తూ సాధన చేస్తే, తీసేశాక చెయ్యి ఎడమకు మొగ్గుతుంది. 1998లో పన్నెండు మందితో చేసిన తొలి అధ్యయనం చాలా ఆశ పుట్టించింది. తర్వాతవి అన్నీ ఒకే మాట చెప్పలేదు. నా ఓటు ఎర్ర గుడ్డకు, దాని వెంట అద్దానికి.

రెండు మూడు లోపాలు కలిసి ఉన్నవాళ్లే ఎక్కువ. అప్పుడు నేను పోయే వరస: కళ్లజోడు, ఎడమ ధ్యాస, కదలిక, చివర స్పర్శ. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు, మనిషి అలసిపోతాడు. ఒక పద్ధతికి నాలుగు వారాలు ఇచ్చి మళ్లీ అవే పరీక్షలు చేయండి. నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోండి. మణికట్టు లేవడం మొదలైతే అద్దం నుంచి గ్లౌజుకు మారే రోజు వచ్చినట్టు. ఏదీ మారకపోతే పద్ధతి మార్చండి, తిట్లు కాదు. ఏ పద్ధతిలోనైనా భుజం నొప్పి, చెయ్యి వాపు వస్తే ఆపి డాక్టర్‌కు చూపించండి. లేపి కూచోబెట్టేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టి లాగొద్దు, భుజం జారుతుంది.

కొత్తవాడ పెద్దాయనకు అద్దం ఇవ్వలేదు, గ్లౌజు సాయంత్రం రెండు గంటలు, మిగతాదంతా కళ్లు మూసి తాకడమే. వస్తువుల సంచిలో ఆయన పాత పంజాను కూడా వేశాను. ఆరో వారంలో బొటనవేలి పరీక్షలో ఐదింట మూడుసార్లు నేరుగా పట్టుకున్నాడు. చాయ్ ఇప్పటికీ గ్లాసు వైపు చూస్తూనే తాగుతాడు. ఎవరైనా పిలిస్తే గ్లాసు కింద పెట్టి, అప్పుడు తల తిప్పుతాడు.